ఏసీఎల్ ఆపరేషన్ అయ్యాక మోకాలిని మళ్లీ దారిలో పెట్టుకోవడం ఎలా?

“నొప్పి అస్సలు లేదు సార్. నడుస్తున్నా, మెట్లెక్కుతున్నా. ఇక కబడ్డీ ఆడొచ్చు కదా?”

ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అడిగేది దాదాపు ఎప్పుడూ రెండో నెల చివర్లోనో, మూడో నెలలోనో. లోపల వేసిన కొత్త లిగమెంట్ అన్నిటికంటే బలహీనంగా ఉండే రోజులు కూడా అవే.

ఎందుకో రెండు ముక్కల్లో చెబుతాను. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే ఒక లిగమెంట్, అంటే గట్టి పట్టీ. అది తెగితే సాధారణంగా కుట్టరు. మీ తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో, చీలమండ పక్క నుంచో ఒక నరంలాంటి పట్టీని, అంటే టెండన్‌ను తీసి, ఎముకలో సొరంగం చేసి బిగిస్తారు. దాన్నే గ్రాఫ్ట్ అంటారు. బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది. కానీ రక్తసరఫరా తెగిపోయింది కాబట్టి మొదట్లో అందులోని కణాలు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు మెల్లగా వచ్చి చేరతాయి. ఈ మార్పు మధ్యలో, సుమారు 6 నుంచి 12 వారాల వరకు, గ్రాఫ్ట్ మెత్తబడి ఉంటుంది. అది పూర్తిగా ముదరడానికి ఏడాది పైనే పడుతుంది. నొప్పి తగ్గిందంటే పైన కోత మానిందని అర్థం. లోపల గ్రాఫ్ట్ ఎలా ఉందో నొప్పి మీకు చెప్పదు.

ఒక హెచ్చరిక ముందే. కింద చెప్పినవి ఏసీఎల్ ఒక్కటే వేసిన మోకాలికి వర్తిస్తాయి. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా కుట్టి ఉంటే, లేదా రెండు మూడు లిగమెంట్లు ఒకేసారి వేసి ఉంటే, బరువు ఎంత పెట్టాలి, ఎంత వంచాలి అన్నవన్నీ మారిపోతాయి. అప్పుడు మీ సర్జన్ రాసిచ్చిన కాగితమే ఆఖరు మాట.

ముందే సమకూర్చుకోవాల్సినవి

- ఆపరేషన్ నోట్స్. డిశ్చార్జి కాగితం ఒక్కటే చాలదు. ఏ గ్రాఫ్ట్ వాడారు, మెనిస్కస్ కుట్టారా, మోకాలికి తొడిగే బ్రేస్ ఎన్ని వారాలు అన్నది అందులో ఉండాలి. ఇది లేకుండా ఏ ఫిజియో దగ్గరికి వెళ్లినా ఆయన ఊహించి చేయించాల్సి వస్తుంది.
- ఊతకర్రల జత. పై మెత్తకీ మీ చంకకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. బరువు అరచేతుల మీద పడాలి, చంకల మీద కాదు.
- ఐస్ ప్యాక్ రెండు. లేకపోతే ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్కలు వేసి, తడి తువ్వాలు చుట్టండి.
- మంచం, చేతులున్న కుర్చీ, వెస్టర్న్ టాయిలెట్. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఒక్కటే ఉంటే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఆపరేషన్‌కి ముందే కొనండి, డిశ్చార్జయ్యాక వెతుక్కోవద్దు.
- టైలర్ టేపు, ఒక నోటు పుస్తకం.

ఆపరేషన్ ఇంకా కాలేదా? అయితే వాపు పూర్తిగా దిగి, కాలు నిటారుగా చాచగలిగేదాకా ఆగడమే మేలు. మెనిస్కస్ ఇరుక్కుని కాలు లాక్ అయిపోతే మాత్రం ఆగమనరు. వాచి బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత కూడా బిగుసుకునే ప్రమాదం ఎక్కువ. అసలు ఏసీఎల్ తెగిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ తప్పనిసరి కాదు కూడా. స్వీడన్‌లో 121 మంది యువకులు, యువతుల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ముందు వ్యాయామంతో మొదలుపెట్టినవాళ్లలో దాదాపు సగం మందికి 5 ఏళ్ల తర్వాత కూడా ఆపరేషన్ అవసరపడలేదు. ఈ సంగతి మీ సర్జన్‌తో ఒకసారి మాట్లాడండి.

1. మొదటి వారం: వాపు దించండి, కాలు చాచండి

ఈ వారంలో వంచడం గురించి బెంగ వద్దు. చాచడమే అసలు పని.

మోకాలి కింద దిండు పెట్టుకోకండి. ఇంతకంటే ఎక్కువమంది చేసే పొరపాటు నేను చూడలేదు. దిండు పెడితే హాయిగా ఉంటుంది నిజమే, కానీ కాలు కొంచెం వంగిన చోటే బిగుసుకుపోతుంది. తర్వాత ఆ నాలుగైదు డిగ్రీలు సాధించడానికి నెలలు పడతాయి, ఒక్కోసారి మళ్లీ ఆపరేషనే కావాల్సి వస్తుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండాలి. 10 నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు. మోకాలి వెనక లాగినట్టుంటుంది, ఉండాలి కూడా.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకీ కిందకీ 20 సార్లు ఆడించండి. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది. ఐస్ 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి. చర్మానికి నేరుగా తగలనివ్వొద్దు.

తొడ కండరాన్ని బిగించడం: కాలు చాచి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి నొక్కండి. 5 సెకన్లు పట్టి వదలండి, పదిసార్లు. మోకాలి చిప్ప కొంచెం పైకి జరిగితే సరిగ్గా చేస్తున్నట్టు. చాలామందికి మొదట్లో కండరం అస్సలు కదలదు. భయపడకండి, వాపు వల్ల మెదడు ఆ కండరానికి ఆర్డర్ ఇవ్వడం మానేస్తుంది. రెండు కాళ్లూ ఒకేసారి బిగించి చూడండి, తొడ మీద చెయ్యి వేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఫిజియో దగ్గర కరెంటు మిషన్ పెట్టించుకోవచ్చు.

మెట్ల దగ్గర గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఆర్టీసీ బస్సు మెట్టుకీ ఇదే లెక్క. కానీ ఈ వారం బస్సెక్కే పని పెట్టుకోకండి.

తొడ వెనక గానీ పిక్క మీద గానీ నీలంగా కమిలితే కంగారు పడొద్దు, గ్రాఫ్ట్ తీసిన చోటి రక్తం కిందకి దిగుతుందంతే. కోతకి పక్కన, మోకాలి ముందు అరచేతి మేర తిమ్మిరిగా ఉండటం కూడా మామూలే. కొందరికి అది కొంత మిగిలిపోతుంది, దానివల్ల నష్టం లేదు.

2. రెండో వారం నుంచి ఆరో వారం దాకా: నిటారు, వంపు, నడక, ఇదే వరుస

కాలు నిటారైందో లేదో కంటితో తేలదు, కొలవాలి. మంచం మీద బోర్లా పడుకుని, మోకాళ్ల కింది భాగం అంచు బయట ఉండేలా జరగండి. రెండు మడమలూ ఒకే ఎత్తులో ఉన్నాయేమో ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఎత్తులో తేడా 1 సెంటీమీటరు ఉంటే చాపులో సుమారు 1 డిగ్రీ లోటు. వారానికోసారి నోటు పుస్తకంలో రాయండి. అంకె తగ్గుతూ ఉంటే పర్లేదు. రెండు వారాలు వరసగా కదలకపోతే ఫిజియోకి చెప్పండి. ఆరు వారాలు దాటినా చాచినప్పుడు ముందు భాగంలో ఏదో అడ్డం తగులుతున్నట్టుంటే సర్జన్‌కి చూపించండి. గ్రాఫ్ట్ ముందు మచ్చ కణజాలం గడ్డలా పెరిగి అడ్డుపడటం అప్పుడప్పుడూ జరుగుతుంది. దాన్ని వ్యాయామంతో కరిగించలేం.

వంచడానికి, మంచం మీద కూర్చుని పాదానికి దుప్పటి చుట్టి, దాంతో మడమను మీవైపు జరుపుకోండి. రెండో వారం చివరికి 90 డిగ్రీలు, ఆరో వారానికి 120 దాకా వస్తే బాగున్నట్టే. మెనిస్కస్ కుట్టినవాళ్లని చాలామంది సర్జన్లు నాలుగు నుంచి ఆరు వారాలు 90 దాటనివ్వరు. ఇంకొకరి చేత బలవంతంగా నొక్కించుకోవద్దు. బావగారు పక్కన కూర్చుని “కొంచెం ఓర్చుకో” అంటూ వంచితే మర్నాటికి మోకాలు బూరెలా ఉబ్బుతుంది.

ఊతకర్ర ఎప్పుడు వదలాలి? కాలు నిటారుగా ఉంచి, మోకాలి దగ్గర వంగకుండా పదిసార్లు పైకెత్తగలగాలి. కుంటకుండా నడవగలగాలి. ఈ రెండూ వచ్చినప్పుడే. ఒక్క కర్రతో నడిచే దశలో దాన్ని మంచి కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. దాదాపు అందరూ ఆపరేషన్ వైపే పట్టుకుంటారు. కర్ర మీది మోజుతో కాదు గానీ, కుంటుతూ నడిచేకంటే కర్రతో సరిగ్గా నడవడమే మంచిది. కుంటు అలవాటైతే దాన్ని మాన్పించడం పెద్ద పని.

తొడ వెనక నుంచి గ్రాఫ్ట్ తీసినవాళ్లు మడమను బలంగా వెనక్కి లాగే పనులు మానాలి. కాలితో కుర్చీని దగ్గరికి లాక్కోవడం, ఒక కాలి మడమను రెండో కాలితో తొక్కిపెట్టి బూటు విప్పడం లాంటివి. చిన్నవే అనిపిస్తాయి, ‘టప్’మని తొడ వెనక పట్టేసేది ఇక్కడే. చిప్ప కింద నుంచి తీసినవాళ్లకి మోకాళ్ల మీద ఆనినప్పుడు నొప్పి ఎక్కువ, కొన్ని నెలలు మోకరిల్లొద్దు.

వంపు 110 దాటాక ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కొచ్చు. సీటు ఎత్తుగా, బరువు లేకుండా.

3. ఆరో వారం నుంచి మూడో నెల దాకా: ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిన కాలం

మొదట్లో చెప్పిన మెత్తబడే కాలం ఇదే. వ్యాయామం ఆపమని కాదు, హఠాత్తు కుదుపులు వద్దని. గోడకి వీపు ఆనించి సగం గుంజీలు, వెల్లకిలా పడుకుని నడుం ఎత్తడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. వారానికి నాలుగైదు రోజులు చేయండి. జిమ్‌లో కూర్చుని కాలు ముందుకి తన్నే మిషన్ వాడాలంటే ఏ కోణం నుంచి ఏ కోణం దాకా అన్నది ఫిజియోనే చెప్పాలి. సొంతంగా పూర్తి చాపు దాకా బరువు ఎత్తొద్దు.

చేయకూడనివి: గొంతుక్కూర్చోవడం, పరిగెత్తే బస్సు పట్టుకోవడం, తడి బాత్రూంలో చెప్పుల్లేకుండా తిరగడం, పిల్లల్ని చంకనేసుకుని గభాల్న తిరగడం.

బండి గురించి విడిగా చెప్పాలి. కారైతే, ఆపరేషన్ కుడి కాలికైనప్పుడు సుమారు ఆరు వారాలు పడుతుంది. గట్టిగా బ్రేక్ తొక్కడానికి భయం లేకపోవాలి, మత్తు కలిగించే నొప్పి మాత్రలు మానేసి ఉండాలి. టూవీలర్‌కి ఇంకా ఆగాలి. సిగ్నల్ దగ్గర బండి ఒరిగితే మొత్తం బరువు ఒక్క కాలి మీద, అదీ మెలితిరిగి పడుతుంది. కుడి కాలు ఆపరేషన్ అయినవాళ్లు కిక్ కొట్టే ఆలోచనే పెట్టుకోవద్దు. సెల్ఫ్ స్టార్ట్ పాడైందా, ముందు దాన్ని బాగు చేయించండి.

తిండి దగ్గర మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. “పప్పు తింటే చీము పడుతుంది” అని పప్పు మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, చారన్నంతో నెల గడిపేయిస్తారు. ఆపరేషన్ అయిన కాలి తొడ కండరం అసలే కరిగిపోతూ ఉంటుంది. అది తిరిగి రావాలంటే మాంసకృత్తులే కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, చికెన్, మీరు తినేవేవైనా పెంచండి. సిగరెట్ మాత్రం మానండి, గాయం మానడం ఆలస్యమవుతుంది.

నూనె మర్దన, ఆకు కట్టు కూడా అడుగుతారు. కట్టు కట్టి కదలకుండా ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది. కుట్లు పూర్తిగా మానకముందు నూనె తగిలితే ఇన్ఫెక్షన్. రెండూ వద్దు.

4. మూడో నెల నుంచి ఆరో నెల దాకా: పరుగు

క్యాలెండర్ చూసి పరుగు మొదలుపెట్టకండి. ఇవన్నీ ఉన్నాయా చూడండి: వాపు లేదు, చాపు పూర్తిగా ఉంది, వంపు దాదాపు రెండో కాలితో సమానం, గంటసేపు చురుగ్గా నడిచినా మర్నాడు ఉబ్బదు, తొడ బలం మంచి కాలి బలంలో కనీసం 70 శాతం. ఆ బలం కొలవడానికి మిషన్ లేకపోతే, కుర్చీలోంచి ఒంటికాలితో పదిసార్లు తూలకుండా లేవగలరేమో చూడండి. పక్కా కొలత కాదు గానీ అంచనాకి పనికొస్తుంది.

చదునైన మట్టి గ్రౌండులో 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా ఎనిమిది సార్లు. రోజు విడిచి రోజు.

వాపు చూసే పద్ధతి నేర్చుకోండి, ఏడాదంతా పనికొస్తుంది. కాలు చాచి కండరం వదులు చేయండి. మోకాలి చిప్పకి లోపలి పక్క, కింద నుంచి పైకి అరచేత్తో రెండుమూడు సార్లు తుడవండి. తర్వాత బయటి పక్క పైనుంచి కిందకి ఒకసారి తుడవండి. లోపలి పక్క గుంటలో చిన్న అలలా నీరు తిరిగొస్తే లోపల వాపు ఉన్నట్టు. వ్యాయామం చేసిన మర్నాడు పొద్దున చూడండి. అల కనిపించకపోతే కొంచెం పెంచొచ్చు. కొద్దిగా ఉంటే అదే మోతాదులో ఆగండి. మీరు తుడవకముందే గుంట నిండి ఉంటే రెండు రోజులు పరుగు మాని ఐస్ పెట్టండి.

టైలర్ టేపు ఇక్కడ తీయండి. చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి రెండు తొడల చుట్టుకొలత రాసుకోండి. నెలకోసారి చాలు. రోజూ కొలిస్తే దిగులు తప్ప ఏమీ రాదు.

తిరుమల మెట్లు ఎప్పుడు ఎక్కొచ్చని అడిగేవాళ్లు చాలామంది, మొక్కు ఉంటుంది కదా. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి కష్టం. ఆరు నెలలైనా దాటాలి, ఇంటి మెట్ల మీంచి ఆపరేషన్ కాలి మీద అదుపుగా, మోకాలు లోపలికి వాలకుండా దిగడం రావాలి. ఎక్కేది నడిచి ఎక్కండి, దిగేది బస్సులో దిగండి.

5. ఆరో నెల తర్వాత: గెంతు, మలుపు, ఆట

గెంతు నేర్చుకునేటప్పుడు ఎంత దూరం దూకామన్నది తర్వాత, ఎంత మెత్తగా దిగామన్నది ముందు. ఫోన్లో వీడియో తీయించుకోండి. దిగేటప్పుడు మోకాలు లోపలికి పడుతుంటే మళ్లీ బలం పెంచే వ్యాయామాలకి వెనక్కి వెళ్లండి. రెండు కాళ్లతో దూకడం కుదిరాక ఒంటికాలు. తిన్నగా పరిగెత్తడం కుదిరాక మలుపులు. కబడ్డీ, ఫుట్‌బాల్, షటిల్ ఆడేవాళ్లకి ఇక్కడ తొందర పనికిరాదు. ఏసీఎల్ తెగేది ఎక్కువగా ఎవరో గుద్దితే కాదు, మలుపులోనే.

ఆటలోకి దిగేముందు రెండు షరతులు. ఒకటి, 9 నెలలు నిండాలి. రెండు, పరీక్షల్లో నెగ్గాలి. తొడ బలంలోనూ, నాలుగు రకాల ఒంటికాలి గెంతుల్లోనూ ఆపరేషన్ కాలు మంచి కాలికి కనీసం 90 శాతం తూగాలి. 2016లో అచ్చయిన నార్వే అధ్యయనంలో 9 నెలల దాకా ఆట ఒక్కో నెల వాయిదా వేసిన కొద్దీ మోకాలికి మళ్లీ దెబ్బ తగలడం సుమారు సగానికి తగ్గుతూ వచ్చింది. పరీక్షలు నెగ్గకుండా ఆటకి దిగినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ దెబ్బ తగిలితే, నెగ్గినవాళ్లలో అది 6 శాతం లోపే. 25 ఏళ్ల లోపు వయసుండి మళ్లీ ఆటకి వెళ్లినవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈ కాలిదో ఆ కాలిదో ఏసీఎల్ మళ్లీ తెగుతోందని ఇంకో లెక్క. రెండో కాలికీ సమానంగా వ్యాయామం చేయించేది అందుకే.

ఇక్కడో తిరకాసు ఉంది: 90 శాతం రావడానికి మంచి కాలు బలహీనపడినా చాలు! ఏడాదిగా ఆడని మంచి కాలు కూడా కరిగి ఉంటుంది. కాబట్టి శాతం ఒక్కటే కాక మొదటి నెల నుంచి మంచి కాలి అంకెలూ రాసిపెట్టుకోండి.

ఎంఆర్ఐ తీయించి “గ్రాఫ్ట్ బాగుంది కదా, ఆడతా” అనేవాళ్లున్నారు. స్కాన్‌లో గ్రాఫ్ట్ ఉందో లేదో కనిపిస్తుంది, మీ తొడ బలం కనిపించదు.

ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. పెద్ద సమీక్షల ప్రకారం 81 శాతం మంది ఏదో ఒక ఆటకి తిరిగొస్తారు, పాత స్థాయికి వచ్చేది 65 శాతం, పోటీల్లోకి 55 శాతం. మిగిలినవాళ్లలో అందరికీ మోకాలు చెడిందని కాదు. చాలామందిని ఆపేది భయం. దాన్ని సిగ్గుపడకుండా ఫిజియోకి చెప్పండి, దానికీ వ్యాయామాలున్నాయి. పుల్లెల గోపీచంద్‌కి 1994లో మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్లయ్యాయి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లందరికీ ఆయన కప్పు గుర్తుంటుంది, మధ్యలోని 7 ఏళ్లు గుర్తుండవు. రిషభ్ పంత్‌కి మోకాలి లిగమెంట్ తెగిన కారు ప్రమాదం 2022 డిసెంబర్ 30న, మళ్లీ ఐపీఎల్‌లో బ్యాట్ పట్టింది 2024 మార్చిలో. రోజంతా కనిపెట్టుకుని ఉండే నిపుణులు చుట్టూ ఉన్న ఆటగాడికే అన్ని నెలలు పట్టింది.

మొదటి నెల రోజులు ప్రాక్టీసే, మ్యాచ్ వద్దు. ఆ తర్వాత సగం మ్యాచ్.

ఇవి కనిపిస్తే ఫిజియోకి ఫోన్ చేస్తూ కూర్చోవద్దు

పిక్క గట్టిపడి, వాచి, నొక్కితే నొప్పి పుడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. దానికి తోడు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే వెంటనే 108. జ్వరం, కోత నుంచి చీము, మోకాలు ఎర్రగా కాలిపోతున్నట్టుండటం ఇన్ఫెక్షన్ గుర్తులు, తెల్లారేదాకా ఆగొద్దు. కాలు జారి ‘టక్’మని శబ్దం వచ్చి గంటల్లో మోకాలు ఉబ్బితే, లేదా మోకాలు ఒక చోట ఇరుక్కుని చాపలేకపోతే సర్జన్‌కి చూపించండి.

ఆఖరుగా, కింద కూర్చోవడం

వ్రతానికీ, పెళ్లి పీటల మీదకీ, నమాజుకీ, బంతి భోజనానికీ కూర్చోవాలి కదా. బాసింపట్టు వేసుకోవడంలో వంపుతో పాటు మెలిక కూడా ఉంటుంది. అందుకని నాలుగైదు నెలల తర్వాత, ఫిజియో సరేనన్నాక, మొదట మంచం మీద వేసి చూడండి. మోకాలి కింద చిన్న దిండు ఆసరా పెట్టి 2 నిమిషాలు, మర్నాడు వాపు చూసుకుని 5 నిమిషాలు. మడమల మీద కూర్చునే వజ్రాసనం, గొంతుక్కూర్చోవడం దాని తర్వాతే. మెనిస్కస్ కుట్టినవాళ్లు ఇంకా ఆలస్యంగా. నేల మీంచి లేచేటప్పుడు ముందు పక్కకి ఒరిగి, రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి, మంచి కాలు ముందుకి పెట్టి దాని మీద బరువు వేసి లేవండి. పీటల మీద కూర్చున్నా సరే, పక్కన కుర్చీ వేయించుకోండి.